‘బేసిక్ ఎకనామిక్స్ చదువుకో చెల్లీ’ అన్న అన్నయ్యకు, మా రూం నుంచి

పోస్టు పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి.

పోయిన వారం ఒక అన్నయ్య ఇక్కడ పెట్టిన పోస్టు మీరంతా చూసే ఉంటారు. 1/70 చట్టం వల్లే మన భూములకు రేటు లేదని, ఎవరికైనా అమ్ముకునే హక్కు వస్తే ఏజెన్సీ బాగుపడిపోతుందని రాశారు. కింద రోడ్డు పక్కన సెంటు లక్షల్లో పలుకుతుంటే మనం ఎకరాలు పెట్టుకుని రేషన్ బియ్యం లైన్లో నిలబడుతున్నామట. లైకులు బాగానే పడ్డాయి. కింద ఒక చెల్లి "అమ్మేశాక ఎక్కడుంటాం అన్నయ్యా" అని అడిగితే "ముందు బేసిక్ ఎకనామిక్స్ చదువుకో చెల్లీ" అని జవాబిచ్చారు. ఆ చెల్లి మళ్ళీ ఏమీ రాయలేదు.

అన్నయ్య మీద మాకు గౌరవం ఉంది. మనవాళ్ళలో ముందు చదువుకుని పైకొచ్చిన మనిషి, పరీక్ష ఫీజులకి ఎంతమందికి సర్దారో గ్రూపులో అందరికీ తెలుసు. మా కోపమంతా ఆ ఒక్క జవాబు మీద. ఎందుకంటే ఆ చెల్లి అడిగిందే బేసిక్ ఎకనామిక్స్. అమ్మితే వచ్చేదెంత, పోయేదెంత, ఆ తర్వాత బతుకు దేని మీద అన్నదే కదా ఆ ప్రశ్న! దాన్ని ఒక సబ్జెక్టు పేరు చెప్పి మూసేయడం మాకు నచ్చలేదు. మన పెద్దవాళ్ళని కూడా ఇలాగే కదా మూయించింది. కాగితం చూపించి "నీకు చదవడం రాదు కదా" అన్నారు వాళ్ళని. ఇప్పుడు మనకి చదవడం వచ్చేసింది కాబట్టి "ఎకనామిక్స్ రాదు కదా" అంటున్నారు.

మేం నలుగురం. మాలో ఎకనామిక్స్ మెయిన్‌గా చదివేవాళ్ళు ఎవరూ లేరు. ఇద్దరం బీకాం, ఒకరు బీఎస్సీ, ఒకరు బీఏ. ఇంటర్లో సీఈసీ చదివినవాళ్ళకి 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' గుర్తుండే ఉంటుంది. ఒకడు వరసగా యాపిల్స్ తింటూ పోతాడు, ఒక్కో యాపిల్‌కీ ఆనందం తగ్గిపోతూ ఉంటుంది. అన్నేసి యాపిల్స్ కొనుక్కుని కూర్చున్నవాడు ఎవడో మాకు రెండేళ్ళూ అర్థం కాలేదు. 'వ్యాకోచత్వం' అని ఇంకోటి. మార్కులు వచ్చాయి, సబ్జెక్టు రాలేదు. ఎకనామిక్స్ అంటే గ్రూప్స్‌కి ఇండియన్ ఎకానమీ బిట్లు, పంచవర్ష ప్రణాళికల సంవత్సరాలు, అంతే అనుకున్నాం.

ఏడాదిన్నర కిందట మా సార్ ఒకాయన తన సొంత పుస్తకం ఒకటి ఇచ్చారు. హాజూన్ చాంగ్ అనే కొరియా ఆయన 2010లో రాసింది, పెట్టుబడిదారీ విధానం గురించి మనకి చెప్పని 23 సంగతులు అని. ఇంగ్లీషు కష్టమే. రోజుకి రెండు పేజీలు. ఒకరు పైకి చదవడం, ఒకరు ఫోన్లో అర్థం వెతకడం, మిగతా ఇద్దరూ వాదించడం. ఎకనామిక్స్‌లో చాలా భాగం మామూలు ఇంగితమేనని, దాన్ని కష్టమైన మాటల్లో చుట్టి పెడతారని ఆయన అంటాడు. ఇంటర్నెట్ కంటే బట్టలు ఉతికే మిషనే ప్రపంచాన్ని ఎక్కువ మార్చిందని ఒక చాప్టర్ మొత్తం రాశాడు. మా రూంలో ఒకడు వెంటనే "మా ఊళ్ళో కుళాయి" అన్నాడు. ఊట నుంచి బిందె మోసే పని పోయాకే వాళ్ళ అక్క బడికి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఈ సబ్జెక్టు మాది అనిపించింది.

ఇప్పుడు భూమి రేటు సంగతికి వస్తాం. కానీ దానికి ముందు చింతపండు దగ్గరికి వెళ్ళాలి.

మా నలుగురి ఇళ్ళలోనూ చింతచెట్లున్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కాయ రాలుస్తారు, వలుస్తారు, గింజ తీస్తారు, బుట్టల్లో పెట్టి సంతకి మోస్తారు. ఆ నెలల్లో ఏజెన్సీ మొత్తం ఒకేసారి మోస్తుంది కాబట్టి ఏడాదిలో తక్కువ రేటు అప్పుడే. అదే పండు కింద కోల్డ్ స్టోరేజీలో కూర్చుని వానాకాలం దాటాక ఎక్కువకి పోతుంది. ఇది మా అమ్మలకి తెలియదా? బాగా తెలుసు. మాలో ఒకడు సెలవులకి వెళ్ళినప్పుడు పుస్తకం తలకెక్కి "ఎందుకమ్మా ఇప్పుడే అమ్మేయడం, నాలుగు నెలలు ఆగొచ్చు కదా" అన్నాడట. వాళ్ళమ్మ "ఆగితే ఇంట్లో తినేది ఏటి, నువ్వేటి తెచ్చావు?" అంది. అంతే. ఆ తర్వాత మేం చదివిన సగం పుస్తకాల సారం ఈ ఒక్క మాటలో ఉంది.

బేరం అంటే ఇద్దరు మనుషులు సమానంగా నిలబడి మాట్లాడుకోవడం అని పాఠాల్లో బొమ్మ గీస్తారు. గిరాకీ గీత ఒకటి, సప్లయి గీత ఒకటి, రెండూ కలిసిన చోట రేటు. బొమ్మ తప్పు కాదు. కానీ ఆ గీతల వెనక ఎవరు ఎన్ని రోజులు ఆగగలరు అన్నది కనబడదు. షావుకారు ఈ వారం కొనకపోతే వచ్చే వారం కొంటాడు. మన అమ్మ ఈ వారం అమ్మకపోతే బుట్ట మళ్ళీ కొండెక్కించాలి, ఉప్పు, నూనె, కిరసనాయిలు లేకుండా. పైగా కొనేవాళ్ళు ఎంతమంది? పేరుకి సంతలో పదిమంది తక్కెళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. మనకి మాత్రం ఒక్కడే. ఎందుకంటే భాద్రపదంలో జ్వరం వచ్చినప్పుడు డబ్బిచ్చినవాడు వాడు. పండు వాడి తక్కెట్లోకే వెళ్ళాలి, వాడు చెప్పిన రేటుకే వెళ్ళాలి.

అమ్మేవాళ్ళు చాలామంది ఉండి కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో జోన్ రాబిన్సన్ అనే ఆవిడ 1933లోనే పుస్తకం రాసింది. దానికి మోనోప్సొనీ అని పేరు కూడా పెట్టారు. అప్పిచ్చేవాడు, సరుకు కొనేవాడు, భూమి ఉన్నవాడు ఒక్కడే అయితే రైతు ఎప్పటికీ అప్పులోనే ఉండటం వాడికి లాభమని అమిత్ భాదురి అనే ఆర్థికవేత్త 1973లో బెంగాల్ పల్లెల్ని చూసి రాశాడు. ఇవి ఎడమ చెయ్యి రాతలనో ఉద్యమాల కరపత్రాలనో కొట్టిపారేయడానికి లేదు అన్నయ్యా, ఎకనామిక్స్ పత్రికల్లో అచ్చయినవే. బేసిక్ పుస్తకంలో రెండో చాప్టర్ దగ్గర ఆగిపోతే ఇవి కనబడవు. (ఒక్కడే కొనేవాడన్న సూత్రం ప్రైవేటు షావుకారుకే కాదు, సర్కారుకీ వర్తిస్తుంది. అటవీ ఫలసాయం కొనుగోలు హక్కు ఒక్క సంస్థకే ఇస్తూ 1979లో రెగ్యులేషన్ తెచ్చారు. ఉద్దేశం షావుకార్ల నుంచి కాపాడటం. మంచిదే. కానీ ఒక్కడే కొనేవాడైనప్పుడు వాడి రేటు ఎవరు అడగాలి అన్న ప్రశ్న అక్కడా ఉంటుంది. దాని మీద ఇంకో పోస్టు రాస్తాం.)

ఇప్పుడు చింతపండు తీసేసి ఆ చోట భూమి పెట్టండి.

భూమికి మార్కెట్ రేటు వస్తుంది అంటున్నారు. ఏ రోజు అమ్ముతాం మనం? ఆలోచించుకుని, నాలుగు చోట్ల అడిగి, మంచి రోజు చూసుకుని అమ్మే భూమి మన ఊళ్ళో ఎంత ఉంటుంది? మన దగ్గర భూమి కదిలేది ఇంట్లో మనిషి పడిపోయినప్పుడు, పెళ్ళికి, దినానికి, కేసుకి. అంటే ఆగలేని రోజున. అవతలివాడు ఆగగలడు. ఈ ఇద్దరి మధ్య పలికే రేటునే మీరు మార్కెట్ రేటు అంటున్నారు. కింద రోడ్డు పక్కన సెంటు లక్షలు పలుకుతోంది నిజమే. ఆ లక్షలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి, ఆ భూమి మొదట ఎవరి దగ్గర ఎంతకి కొన్నారు అని కూడా అడిగితే లెక్క పూర్తవుతుంది.

అన్నయ్య వాదనలో గట్టి భాగం ఇంకోటుంది. దాన్ని దాటేసి గెలిచామనుకోవడం అన్యాయం. పెరూ దేశంలో హెర్నాండో డి సోటో అనే ఆయన 2000లో ఒక పుస్తకం రాశాడు. పేదవాళ్ళ దగ్గర ఆస్తి లేక కాదు, ఆస్తికి సరైన కాగితం లేక పేదవాళ్ళుగా ఉన్నారని, అది చచ్చిన పెట్టుబడి అని అంటాడు. పట్టా ఇవ్వండి, అమ్ముకోనివ్వండి, తాకట్టు పెట్టుకోనివ్వండి, బ్యాంకు అప్పు వస్తుంది, వ్యాపారం వస్తుంది. చదువుతుంటే మాకూ సగం నిజమే అనిపించింది. పోడు పట్టా లేక మన ఊళ్ళలో ఎన్ని ఇబ్బందులు పడుతున్నారో మనకి తెలీదా. 2006 అటవీ హక్కుల చట్టం కోసం కొట్లాడింది కాగితం కోసమే కదా.

కానీ పుస్తకం మూసేశాక ఏం జరిగిందో కూడా చూడాలి. అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్ దగ్గర ఒక బస్తీలో పక్కపక్క ఇళ్ళలో కొందరికి పట్టాలొచ్చాయి, కొందరికి కోర్టు కేసుల వల్ల రాలేదు. గాలియానీ, షార్‌గ్రోడ్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ళ తర్వాత రెండు రకాల ఇళ్ళనీ పోల్చి చూశారు. పట్టా వచ్చినవాళ్ళు ఇల్లు బాగు చేసుకున్నారు, పిల్లల్ని ఎక్కువ చదివించారు. బ్యాంకు అప్పు మాత్రం పెద్దగా పెరగలేదు. అంటే కాగితం మంచిదే, దాని మేలు భద్రత వల్ల వచ్చింది. తాకట్టు వల్ల వచ్చింది తక్కువ. మనకి కావాల్సింది ఎవరూ మనల్ని లేపేయలేరన్న ధీమా. అన్నయ్య ఇస్తానంటున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇంకో లెక్క అమెరికాది. 1887లో డాస్ చట్టం అని చేశారు. అక్కడి ఆదివాసీల ఉమ్మడి భూముల్ని కుటుంబానికింత అని ముక్కలు చేసి పట్టాలిచ్చారు, మిగులు అన్న పేరుతో మిగతాది బయటివాళ్ళకి ఇచ్చేశారు. అప్పుడూ చెప్పిన మాట ఇదే, సొంత ఆస్తి వస్తే నాగరికులవుతారు, బాగుపడతారు అని. కొన్నేళ్ళు అమ్మకుండా కట్టడి పెట్టారు, తర్వాత అది కూడా సడలించారు. ఆ చట్టం వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది సుమారు 13.8 కోట్ల ఎకరాలు. 1934లో ఆ పద్ధతి ఆపేనాటికి మిగిలింది సుమారు 4.8 కోట్ల ఎకరాలు. ఒక్క జీవితకాలం కూడా పట్టలేదు. ఈ అంకె చదివిన రాత్రి మా రూంలో ఎవరం వాదించుకోలేదు.

అంత దూరం ఎందుకు, మన దగ్గర చూద్దాం. మన కొండల్లో భూమి బదిలీకి కట్టడి కావాలని మొదట చేసింది ఇందిరమ్మ ప్రభుత్వమో ఉద్యమకారులో కాదు, తెల్లదొరలు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం తెచ్చింది. పేరులోనే చూడండి, వడ్డీ, భూమి రెండూ ఒకే చట్టంలో. వాళ్ళకి మన మీద ప్రేమేమీ లేదు. షావుకార్లు అప్పు పేరుతో భూములు లాగేసుకుంటుంటే కొండల్లో తిరుగుబాట్లు లేస్తున్నాయని భయం. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టి చేస్తూ 1970లో మొదటి నంబరు రెగ్యులేషన్. అదే మన 1/70. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది వాడే. చట్టం రాసినవాళ్ళకి సంతలో తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలుసన్నమాట. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదంది. ఆ చట్టం లేకపోతే ఆ కొండల కింద బాక్సైట్ ఉందన్న సంగతి మన భూమి రేటులో మనకి వచ్చేదా, మన దగ్గర కొన్నవాడికి వచ్చేదా?

బ్యాంకు అప్పు రాదు కదా అంటారు. ఆ మాటలో బాధ నిజం. కానీ కారణం తప్పు. భూమిని స్వాధీనం చేయకుండా బ్యాంకుకో సొసైటీకో తనఖా పెట్టుకునే వీలు కల్పిస్తూ 1971లోనే సవరణ చేశారు. అప్పు తీరకపోతే ఆ భూమి మళ్ళీ గిరిజనుడికే పోవాలి. దారి ఉంది, మన వైపు ఎవరూ నడవనివ్వడం లేదు. దాని మీద అన్నయ్య పోస్టు పెడితే మేం నలుగురం నాలుగు వందల మందికి షేర్ చేస్తాం. 1/70కి కన్నాలు లేవని కూడా మేం అనడం లేదు. బినామీ పేర్లు, తెల్లకాగితం ఒప్పందాలు, మన ఆడపిల్లల పేరు మీద కొనడాలు, అన్నీ చూస్తూనే ఉన్నాం. ఇంటి గోడకి కన్నం పడితే కన్నం పూడుస్తారు గానీ గోడ కూల్చుకోరు కదా.

ఇక రెండో సంగతి, మైండ్‌సెట్. అదే పోస్టులో అన్నయ్య "మనవాళ్ళది పేద మనస్తత్వం, రేపటి గురించి ఆలోచించరు" అని రాశారు. రిచ్ డాడ్ పూర్ డాడ్ చదవమన్నారు. చదివాం, మా హాస్టల్లో అందరికంటే ఎక్కువ చేతులు మారిన పుస్తకం అదే. 1997లో వచ్చింది. ఆస్తి అంటే జేబులోకి డబ్బు తెచ్చేది, అప్పు అంటే జేబులోంచి తీసేది అన్న ఒక్క ముక్క పనికొస్తుంది. మిగతాదంతా ఒక మనిషి ఎలా పైకి రావాలన్న ముచ్చట. ఊరంతా ఎందుకు కింద ఉంది అన్న ప్రశ్న అందులో లేదు. ఎకనామిక్స్ మొదలయ్యేదే ఆ ప్రశ్న దగ్గర.

మనస్తత్వం గురించి నిజంగా పరీక్ష పెట్టి చూసినవాళ్ళున్నారు. సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్ 2013లో 'స్కేర్సిటీ' అని పుస్తకం రాశారు. వాళ్ళూ, ఇంకొందరూ కలిసి తమిళనాడులో చెరకు రైతుల్ని తీసుకున్నారు. చెరకు రైతుకి డబ్బు కోత తర్వాత ఒక్కసారే వస్తుంది. కోతకి ముందు చేతిలో ఏమీ ఉండదు. అదే రైతుకి కోతకి ముందొకసారి, తర్వాతొకసారి తెలివి పరీక్షలు పెట్టారు. ముందు తక్కువ మార్కులు, తర్వాత ఎక్కువ మార్కులు. మనిషి అదే, బుర్ర అదే. చేతిలో డబ్బు లేనప్పుడు బుర్రలో చోటంతా ఆ లెక్కకే పోతుంది. అంటే పేద మనస్తత్వం వల్ల పేదరికం రాలేదు, పేదరికం వల్ల ఆ మనస్తత్వం వచ్చింది, పంట చేతికొస్తే పోతుంది. మెస్ బిల్లు కట్టని నెలలో సెమిస్టర్ ఎగ్జాం రాసినవాళ్ళకి ఈ సంగతి చెప్పడానికి ప్రొఫెసర్ అక్కర్లేదు.

మూడోది మాకు బాగా దగ్గరగా తగిలిన సంగతి. యూత్ ట్రేడింగ్ నేర్చుకోవాలని, డబ్బుని పని చేయించాలని అన్నయ్య ముగించారు. మా హాస్టల్లోనే ఒకడు స్కాలర్‌షిప్ పడిన వారానికి ఆప్షన్స్‌లో పెట్టాడు. ఎవరో టెలిగ్రాంలో కాల్స్ ఇస్తారట. మొదటి రెండు రోజులు లాభం, మాకు టీలు కూడా తాగించాడు. పదో రోజుకి ఏమీ లేదు. ఇంటికి చెప్పలేదు. పండక్కి ఊరెళ్ళకుండా కేటరింగ్‌కి వెళ్ళి వడ్డించాడు. అతని పేరు అడగొద్దు.

సెబీ 2024 సెప్టెంబరులో లెక్క బయటపెట్టింది. మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు వ్యక్తుల్లో ప్రతి వందమందికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైమాటే. ఇది కంట్రోల్ చేసే సంస్థ చెప్పిన లెక్క, ఎవరో గిట్టనివాళ్ళు చెప్పింది కాదు. ఆ డబ్బు గాల్లో కలిసిపోలేదు. అవతలి వైపు పెద్ద సంస్థలు, కంప్యూటర్లు కూర్చుని ఉన్నాయి. మళ్ళీ అదే తక్కెడ అన్నయ్యా. ఆగలేనివాడు ఇటు, ఆగగలిగినవాడు అటు. సంతలో కనీసం షావుకారు మొహం కనబడుతుంది.

ఇంత రాశాక మా తప్పు కూడా ఒకటి చెప్పాలి. లేకపోతే పుస్తకాలు చదివి పొగరెక్కిందంటారు.

మొదట్లో ఒక వ్యాసం గురించి చదివాం. గ్యారెట్ హార్డిన్ అనే అమెరికా ఆయన 1968లో రాశాడు. ఉమ్మడి పచ్చిక బయలు ఉంటే ప్రతివాడూ తన పశువుని ఒకటి ఎక్కువ తోలతాడు, చివరికి గడ్డి మొత్తం పోతుంది, కాబట్టి ఉమ్మడి అనేది ఎప్పటికైనా నాశనమే. లెక్క ఎంత చక్కగా ఉందంటే మేం నమ్మేశాం. మాలో ఒకడు దసరా సెలవుల్లో వాళ్ళ తాత దగ్గర కూర్చుని "మన కొండ అందరిదీ కాబట్టే పాడైంది తాతా" అని చెప్పాడు. తాత కాసేపు విని "అందరిదీ అంటే ఎవరిదీ కాదనుకున్నావా? మామిడి టెంక కట్టే పండగ ముందు కాయ కోస్తే తప్పు కట్టించేవాళ్ళం మేం" అన్నాడట. ఫారెస్టు వాళ్ళు వచ్చాకే తప్పు కట్టించే అధికారం ఊరికి పోయిందని కూడా అన్నాడట. వీడు వచ్చి మాకు చెప్పాడు. మేం నవ్వాం, తాతకేం తెలుసని.

తర్వాత ఎలినార్ ఆస్ట్రమ్ గురించి తెలిసింది. ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న మొదటి మహిళ, 2009లో. తమాషా ఏంటంటే ఆవిడ చదివింది ఎకనామిక్స్ కాదు, రాజనీతి శాస్త్రం. ఆవిడ ఏం చేసిందంటే, ఉమ్మడి వనరుల్ని వందల ఏళ్ళు కాపాడుకున్న ఊళ్ళని వెతికి వాళ్ళ నియమాలు రాసింది. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరుంది. చలికాలంలో ఎన్ని ఆవుల్ని మేపగలవో వేసవిలో కొండ మీదికి అన్నే తోలాలని అక్కడ 1517 నాటి కట్టుబాటు. అంటే హార్డిన్ చెప్పింది ఉమ్మడి గురించి కాదు, కట్టుబాటు లేని చోటు గురించి. ఉమ్మడికి కట్టుబాటు ఉంటుంది, దాన్ని చూసే మనుషులుంటారు, తప్పు చేస్తే కొద్దిగా దండగ ఉంటుంది. ఆస్ట్రమ్ 1990 పుస్తకంలో వీటిని సూత్రాలుగా రాసింది. మా తాత చెప్పింది ఆ సూత్రాల్లోనే ఉంది. మేం సిగ్గుపడ్డాం. నవ్వినందుకు తాతకి క్షమాపణ చెప్పాలని వచ్చే సెలవుల దాకా ఆగాం. అప్పటికి ఆయన లేరు.

అందుకే చెబుతున్నాం, పుస్తకం చదివితే సరిపోదు. బొమ్మ ఎంత చక్కగా ఉంటే అంత అనుమానించాలి. మాకిప్పుడు ఒక అలవాటు. ఏ చాప్టర్ అయినా అయిపోయాక "ఇది మన సంతలో నిజమేనా" అని ఒకరు అడగాలి. బెనర్జీ, డఫ్లో రాసిన 'పూర్ ఎకనామిక్స్' అలాగే చదివాం. రాజస్థాన్ ఉదయపూర్ జిల్లాలో పిల్లలకి టీకాలు పూర్తిగా వేయించుకున్నవాళ్ళు 6 శాతమే ఉంటే, ఊళ్ళోనే క్యాంపు పెట్టి, వచ్చినప్పుడల్లా కిలో పప్పు ఇస్తే 38 శాతానికి పెరిగింది. ఉత్త క్యాంపుకి 17. మాకు బాగా నచ్చింది, ఎందుకంటే పేదవాణ్ణి తిట్టకుండా ఏం అడ్డొస్తోందో చూశారు. కానీ సంత ప్రశ్న అడిగితే ఇంకోటి బయటపడింది. పప్పు ఎంత ఇస్తే టీకాకి వస్తారో పరీక్ష పెట్టొచ్చు, ఆ ఇంట్లో పప్పు ఎందుకు లేదో పరీక్ష పెట్టలేరు. దానికి భూమి చరిత్ర చదవాలి. రెండూ కావాలి.

కొందరు ఇక్కడే కామెంట్ పెడతారు, "ఇవన్నీ చదివితే జాబ్ వస్తుందా" అని. రాకపోవచ్చు. మేమూ డీఎస్సీకి, గ్రూప్స్‌కి బిట్లు చదువుతూనే ఉన్నాం. కానీ రేపు గ్రామసభలో ఎవరో టై కట్టుకున్నాయన వచ్చి, కాగితాల కట్ట పెట్టి, ఇది అభివృద్ధి, ఇది బేసిక్ ఎకనామిక్స్ అంటాడు. అప్పుడు మన అమ్మలు మన వైపు చూస్తారు, చదువుకున్నారు కదా, చెప్పండర్రా అని. ఆ రోజు మనం బిట్లు చెప్పలేం.

అన్నయ్యా, మీకు మూడు ప్రశ్నలు. 1/70 పోయిన మొదటి ఏడాది మన మండలంలో అమ్మకానికి వచ్చే భూములు ఎవరివి అయి ఉంటాయి, ఏ అవసరానికి? కొనేవాళ్ళు ఎంతమంది, వాళ్ళు ఎన్నాళ్ళు ఆగగలరు? అమ్మిన డబ్బు బ్యాంకులో వేస్తే నెలకి వచ్చే వడ్డీ, ఇప్పుడు ఆ భూమి మీద వస్తున్న రాగులు, పసుపు, కాఫీ, చింతపండు, మేకల మేత, కట్టెలు, ఇంటి జాగా అన్నీ కలిపిన విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువ? మూడోదానికి మేం మా నాలుగు ఇళ్ళ లెక్క వేస్తున్నాం. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు కొలతలతో సహా అడిగి రాసుకొస్తాం. మీరూ మీ ఇంటి లెక్క వేసి పెట్టండి. తేడా వస్తే ఒప్పుకుంటాం.

జవాబు గ్రూపులోనే పెట్టండి, పర్సనల్‌గా వద్దు. ఆ చెల్లి కూడా చదవాలి కదా.

చాంగ్ పుస్తకం ఇప్పుడు గర్ల్స్ హాస్టల్లో ఉంది, తర్వాత ఎవరికి కావాలో కామెంట్‌లో రాయండి. అట్ట ఊడిపోయింది, 9వ చాప్టర్ దగ్గర రెండు పేజీలు వదులుగా ఉన్నాయి, పారేసుకోవద్దు. అది మా సార్‌ది.